పాత ఫోర్ బై ఫోర్‌తో మట్టి దారుల్లోకి: సమగ్ర మార్గదర్శి

పాత బండి చెడిపోయే ముందు చాలా రోజుల నుంచి చెబుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజిన్ బలాన్ని ఇరుసుకు చేరవేసే కడ్డీ) చివరి క్రాస్ జాయింటు అరిగితే గేరు మార్చినప్పుడల్లా కింద టక్కుమంటుంది. బేరింగు పోయే ముందు హబ్బు వేడెక్కుతుంది. వీల్ సిలిండరు కారడం మొదలైతే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు వీటిని రేపు చూద్దాంలే అనుకున్నా గడిచిపోతుంది. మనుషుల జాడ లేని దారిలో యాభై కిలోమీటర్లు లోపలికి వెళ్లాక అదే టక్కు బండిని నిలబెట్టేస్తుంది.

అందుకే బండి పనిని, దారి పనిని నేను విడివిడిగా చూడను. ఒక్కో రకం దారి భారం బండిలో ఒక్కో భాగం మీద పడుతుంది. దుమ్ము ఎయిర్ ఫిల్టర్ మీద, గతుకులు షాకబ్జర్ల మీద, వాగు నీళ్లు క్రౌన్ (ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా) ఆయిల్ మీద, ఎగుడు రేడియేటర్ మీద, దిగుడు బ్రేకుల మీద. ఏ దారిన పోతున్నామో తెలిస్తే ఏ భాగం చూసుకోవాలో తెలుస్తుంది. ఏ భాగం నీరసంగా ఉందో తెలిస్తే ఏ దారి మానుకోవాలో తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేది గట్టి చాసిస్ (అడుగు ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టి, ట్రాన్స్‌ఫర్ కేసుకు (ఇంజిన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెకు) వేరే రాడ్డు ఇచ్చిన పాత తరం ఫోర్ బై ఫోర్ల గురించి, అంటే నాలుగు చక్రాలకూ బలం అందే బళ్ల గురించి. విల్లీస్ వంశం జీపులు, పాత ల్యాండ్ రోవర్లు, ల్యాండ్ క్రూజర్లు, జిప్సీలు అన్నీ ఈ కోవలోవే. వీటిలో చాలా భాగాలు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి, మామూలు పానాలతో ఊడతాయి.

మొదటి మెట్టు: బండి మామూలు తీరును కాగితం మీద పెట్టండి

బండిలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంచండి. రోజువారీ తిరుగుళ్లలోనే ఒక నెల పాటు రాయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మట్టం ఎంత, ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గింది, టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతోంది, ట్యాంకు నింపినప్పుడల్లా లీటరుకు ఎంత దూరం వచ్చింది, రాత్రంతా ఆపి ఉంచాక బ్యాటరీ వోల్టేజి ఎంత. ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తుంది.

పొగ రంగు కూడా రాయండి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం పూర్తిగా మండడం లేదు, ఎయిర్ ఫిల్టర్ నుంచి వెతకడం మొదలుపెట్టండి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ తగ్గక, కూలెంట్ మట్టం పడిపోతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కాస్త ఆయిల్ తాగే ఇంజిన్‌తో దూరాలు పోవచ్చు. ఎంత తాగుతుందో లెక్క తెలియని ఇంజిన్‌తో మాత్రం బయల్దేరకండి.

రెండో మెట్టు: బండి కిందికి దూరండి

సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద చేయాల్సిన పని ఇది. ఒక్క జాకీ మీద నిలబడ్డ బండి కిందికి ఎప్పుడూ దూరకండి. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టాకే వెళ్లండి.

చాసిస్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే అది పోయిన బండికి మిగతా ఖర్చంతా వృథా. చిన్న సుత్తితో పొడవునా తడుతూ పోండి. మంచి ఇనుము గట్టిగా మోగుతుంది, లోపల తిన్న చోట శబ్దం మొద్దుగా వస్తుంది. కమాన్ కట్టల (ఇరుసును మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) బ్రాకెట్లు, వెనక అడ్డ మెంబరు, బాడీ కూర్చునే చోట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు శ్రద్ధగా చూడండి. స్టీరింగ్ బాక్సు చుట్టూ వెంట్రుక వాసి పగులు కనబడినా వెల్డింగు, బలపరచడం అయ్యేదాకా బండి కదలకూడదు. పాత ల్యాండ్ రోవర్లలో బాడీ రేకులు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమానివి, చాసిస్ ఉక్కుది. పైన మెరుస్తూ ఉన్న బండికి కింద చాసిస్ తుప్పు తినేసి ఉండటం వాటిలో మామూలే. కొనేముందు పైరంగు చూసి మురిసిపోకండి.

తర్వాత చక్రాలు. ఒక్కో చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగో, కింగ్ పిన్నో (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్) వదులైంది. ఏదో తేల్చుకోవడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట ఆగిపోతే బేరింగు, ఇంకా ఆడుతూనే ఉంటే కింగ్ పిన్. అదే చక్రాన్ని కుడి ఎడమలుగా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది.

టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే గుర్తు వెంట చివరన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, ఆలోచించకుండా తీసేయండి. అరుగుదల ఎంత తక్కువున్నా పదేళ్లు దాటిన టైరుతో దూర ప్రయాణం వద్దు. ఆరేళ్లు దాటితే ఏటా పగుళ్లు చూడాలి. స్టెప్నీకీ ఇదే లెక్క. ఏళ్ల తరబడి ఎండలో వేలాడిన స్టెప్నీ అవసరం వచ్చిన రోజునే చీలిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టిన స్థితికి పెట్టిన కనీస పరిమితి 155 డిగ్రీలే. పొడవాటి దిగుడులో బ్రేకులు కాగినప్పుడు ఆ నీరు ఆవిరవుతుంది, పెడల్ నేలకు అంటుకుంటుంది. రెండేళ్లకోసారి మొత్తం ఆయిల్ మార్చండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 రకాన్ని డాట్ 3, డాట్ 4లతో కలపకూడదు. బ్రేకు వదిలాక కూడా ఒక చక్రం పట్టేసినట్టు ఉంటే లైనర్ల కంటే ముందు రబ్బరు హోస్‌ను అనుమానించండి. పాతదైన హోస్ లోపల ఉబ్బి, ఆయిల్‌ను పోనిస్తుంది గానీ వెనక్కి రానివ్వదు.

ఇక ఆయిళ్లు. ఇంజిన్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు క్రౌన్, వెనక క్రౌన్, ఈ ఐదు చోట్లా చూడాలి. కొన్ని బళ్లలో ముందు చక్రాలు తిరిగే గుండ్రటి హౌసింగులకు వేరుగా ఆయిల్ గానీ గ్రీజు గానీ ఉంటుంది. ఆయిల్ దించేటప్పుడు పోసే బోల్టును ముందు విప్పండి. అది పట్టేసి విరిగితే ఆయిల్ ఇంకా లోపలే ఉంటుంది, బండి షెడ్డు దాకా నడుస్తుంది. దించే బోల్టు ముందు విప్పేసి, పోసే బోల్టు రాకపోతే ఎటూ కాని స్థితి. అయస్కాంతం ఉన్న బోల్టుకు సన్నటి నల్లటి ముద్ద అంటుకోవడం సహజం. ముక్కలు, పొరలు కనబడితే గేర్ల పన్ను తరుగుతోంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మీద జీఎల్ (GL) అంకె, అంటే గేర్ ఆయిల్ తరగతి, చూడండి. క్రౌన్లకు జీఎల్-5 చాలా మంచిది. పాత గేర్ బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగులుంటాయి. జీఎల్-5లో ఎక్కువ మోతాదులో కలిపే గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఇత్తడికి పడకపోవచ్చు. మాన్యువల్ జీఎల్-4 అన్నచోట జీఎల్-4 పోయడమే క్షేమం.

కూలింగ్ మీద ఇంకాస్త సమయం పెట్టండి, పాత బళ్లను దారిలో నిలబెట్టే వాటిలో ఇదే ముందుంటుంది. హోస్ పైపులను చల్లగా ఉన్నప్పుడు పిసికి చూడండి. మెత్తబడ్డా, ఎండి కరకరలాడినా మార్చేయండి. రేడియేటర్ రెక్కల మధ్య చేరిన గడ్డి గింజలు, పురుగులు ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొడితే వస్తాయి. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతాయి. క్యాప్‌ను చిన్నచూపు చూడకండి. అది పట్టి ఉంచే ప్రతి పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) ఒత్తిడికి మరుగు స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది, రబ్బరు ఎండిన క్యాప్ ఆ లాభాన్ని పోగొడుతుంది. ఇంకో సంగతి: కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది, అప్పుడు టెంపరేచర్ ముల్లు తక్కువ చూపించవచ్చు. ముల్లు పెరిగితే ఎలా ఆపుతారో, ఉన్నట్టుండి పడిపోయినా అలాగే ఆపి చూడండి.

కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ ఉందేమో, సెంటర్ బోల్టు తలకాయ నిలిచే ఉందో లేదో, యూ బోల్టుల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. కొత్తగా బిగించిన యూ బోల్టులు కొద్ది దూరం నడిచాక సర్దుకుని వదులవుతాయి, వాటిని మళ్లీ బిగించాలి. గ్రీజు నిప్పుల్ ఉన్న ప్రతిచోటా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు జారే భాగాన్ని మరవకండి.

కరెంటు విషయంలో ఒక్కటే చెబుతాను. బ్యాటరీ నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ తీగలు విప్పి, చివరలు మెరిసేలా గీకి మళ్లీ బిగించండి. స్టార్టర్ పోయిందని, డైనమో పోయిందని అనుకునే ఎన్నో సమస్యలు అక్కడే తీరిపోతాయి.

డీజిల్ బండైతే ఇంధనపు దారిలోంచి ఎయిర్ తీయడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. ఫిల్టర్ మార్చి, చేతి పంపు కొడుతూ, ఎయిర్ బోల్టు దగ్గర బుడగలు ఆగి చిక్కటి డీజిల్ వచ్చేదాకా చేసి చూడండి. ట్యాంకు అడుగంటిన రోజున, చీకట్లో, మొదటిసారి నేర్చుకునే పని కాదిది.

మూడో మెట్టు: సామాన్లు

పెద్ద జాబితాలు నమ్మకండి, మీ బండి చరిత్రను నమ్మండి. నోట్‌బుక్‌లో ఏ భాగం తరచు కనిపిస్తోందో దాని జత తీసుకోండి. దానితో పాటు బెల్టులు, పై కింది రేడియేటర్ హోసులు, క్లిప్పులు, ఇంధన ఫిల్టర్లు, ఫ్యూజులు, ఒక క్రాస్ జాయింటు, ఒక వీల్ బేరింగు సీలుతో సహా, బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, రెండు భాగాలు కలిపి పూసే ఎపాక్సీ ముద్ద, ఇనుప తీగ, వైరు, టేపు. టైరు పంక్చర్ సామాను, గాలి కొట్టే కంప్రెసర్, గేజి, పార, చక్రాల కింద వేసే పలకలు. జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క తప్పనిసరి, మెత్తటి నేలలో అది లేకపోతే జాకీయే భూమిలోకి దిగుతుంది.

మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల తాగునీరు, అనుకున్న రోజుల కంటే రెండు రోజులు ఎక్కువగా. మంటలార్పే సిలిండరు డ్రైవరు చేతికి అందే చోట ఉండాలి. బరువైనవన్నీ కింద, ఇరుసుల మధ్య కట్టండి. పైకప్పు మీద నీళ్ల డబ్బాలు, స్టెప్నీలు పేర్చిన బండి పక్క వాలులో ఇట్టే పల్టీ కొడుతుంది.

నాలుగో మెట్టు: దారిని ముందే చదవండి

ఉపగ్రహ చిత్రాలు, కాంటూర్ మ్యాపు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బండి బాటలకు గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 దాకా గుర్తులుంటాయి. గ్రేడ్ 1 గట్టి నేల, గ్రేడ్ 5 పూర్తిగా మెత్తటి మట్టి. గుర్తు పెట్టిన మనిషి ఎండాకాలంలో చూసి ఉండవచ్చు, మీరు వాన తర్వాత వెళ్తుండవచ్చు. 1:50,000 కాంటూర్ మ్యాపులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. దారి గీత కాంటూర్లను అడ్డంగా కోస్తూ పోతుంటే నిటారు ఎక్కుడు, వాటి పక్కనే సాగితే పక్క వాలు. మ్యాపులను ఫోనులో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, కాగితం మీద కూడా ఒకటి ఉంచండి.

అనుమతి విషయం స్పష్టం చేసుకోవాలి. అడవి శాఖ భూములు, సరిహద్దు ప్రాంతాలు, సొంత పొలాలు ఎవరివి వారివే. ఐస్‌ల్యాండ్‌లో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్ల మీద ఫోర్ బై ఫోర్లకే ప్రవేశం, గుర్తించిన దారి దిగి నేల మీద నడపడం చట్టరీత్యా నేరం. చాలా చోట్ల ఇలాంటి నియమాలున్నాయి, ఉండాలి కూడా. ఒక్క బండి పక్కకు దిగి వేసిన గాడి తర్వాత వాన నీటికి కాలువై, కొన్నేళ్లలో దారినే తినేస్తుంది. శాటిలైట్ ఫోను తీసుకెళ్తే ఆ దేశంలో దానికి అనుమతి అవసరమేమో ముందే చూడండి.

ఇంధనం లెక్క వేసేటప్పుడు నోట్‌బుక్‌లోని మామూలు మైలేజీని వాడకండి. లో గేర్లలో, ఇసుకలో, బురదలో ఖర్చు రెండింతలు కూడా కావచ్చు. తిరిగి రావడానికీ, దారి మూసి ఉంటే చుట్టు తిరగడానికీ కలిపి లెక్క వేయండి. పశ్చిమ ఆస్ట్రేలియాలో సుమారు 1,850 కిలోమీటర్లు సాగే క్యానింగ్ స్టాక్ రూట్ లాంటి దారులకు జనం నెలల ముందు నుంచి సిద్ధపడేది ముఖ్యంగా ఈ లెక్క కోసమే.

ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారిన, ఎప్పటికి తిరిగి ఫోను చేస్తారో, చేయకపోతే ఎవరికి చెప్పాలో ఒక కాగితం మీద రాసి నమ్మకమైన మనిషికి ఇవ్వండి. వెనక్కి తిరగాల్సిన గంటను కూడా బయల్దేరే ముందే నిర్ణయించండి. సాయంత్రం నాలుగింటికి, ఇంకో మలుపు దాటితే వచ్చేస్తుందనిపించే వేళ ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం.

ఐదో మెట్టు: దారిని బట్టి నడపడం

తారు దిగగానే రెండు పనులు. ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేసేవైతే ఇప్పుడే చేసి ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) పెట్టండి. చిక్కుకున్నాక బురదలో మోకాళ్లు దించి తిప్పే పని పెట్టుకోకండి. పార్ట్ టైం ఫోర్ బై ఫోర్‌కు (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకు బలం ఇచ్చే బండికి) మధ్యలో డిఫరెన్షియల్ (రెండు ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. మట్టిలో చక్రాలు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటాయి. పొడి తారు మీద జారవు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది. కాబట్టి తారెక్కగానే తీసేయాలి.

రెండోది గాలి. తారు మీద 35 పీఎస్‌ఐ పెట్టే బండికి రాళ్ల మట్టి రోడ్డులో 26 దగ్గర, మెత్తటి ఇసుకలో 16 నుంచి 18 దాకా దించవచ్చు. టైరు పొడవుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది, గతుకు దెబ్బ కూడా తగ్గుతుంది. 18 దగ్గర గంటకు 40 కిలోమీటర్లు దాటకండి, మలుపులు నెమ్మదిగా తిప్పండి. 16 కన్నా దించితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. కంప్రెసర్ లేనివాళ్లు గాలి దించకూడదు.

స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకండి. పవర్ స్టీరింగ్ లేని బండిలో ముందు చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరిచేస్తుంది.

మట్టి రోడ్ల మీద అడ్డంగా వరుసగా ఏర్పడే అలల గతుకులు బండిని విప్పేస్తాయి. వేగంగా పోతే గతుకుల తలల మీద తేలిపోతామని చాలామంది నమ్ముతారు. కుదుపు తగ్గడం నిజమే. కానీ అప్పుడు చక్రం నేలను తాకే సమయం తగ్గుతుంది, బ్రేకు, స్టీరింగ్ రెండూ సరిగ్గా పనిచేయవు. షాకబ్జర్లలో ఆయిల్ కాగి నురగై పట్టు వదిలేస్తుంది. నా మాట గాలి తగ్గించి, వేగం తగ్గించి, గంటకోసారి ఆగి షాకబ్జర్ మీద చేయి వెనుక భాగం ఆనించి చూడమని. చేయి ఆనలేనంత వేడుంటే అరగంట నీడలో ఆగండి. బ్యాటరీ బిగింపు, రేడియేటర్ బోల్టులు, స్టెప్నీ స్టాండు ఈ రోడ్డు మీదే వదులవుతాయి.

దుమ్ము దారిలో ముందు బండికి బాగా దూరంగా ఉండండి. పాత జీపుల్లో ఆయిల్ గిన్నె ఉండే ఎయిర్ ఫిల్టరైతే ప్రతి సాయంత్రం తెరిచి, అడుగున మట్టి పేరుకుంటే ఆయిల్ మార్చండి. కాగితపు ఫిల్టర్‌ను మెల్లగా తట్టి దులపాలి, గట్టిగా గాలి కొడితే కాగితం చిల్లులు పడుతుంది.

ఎండిన గడ్డి పొడుగ్గా ఉన్న బాటలో పోతే గింజలు, పోచలు సైలెన్సర్ పైన, చాసిస్ సందుల్లో చేరి అంటుకుంటాయి. మధ్య ఆస్ట్రేలియాలో స్పినిఫెక్స్ గడ్డి వల్ల బళ్లు తగలబడటం బాగా తెలిసిన ప్రమాదం. అలాంటి చోట తరచు ఆగి కింద చూసి, కర్రతో లాగేయండి.

వాగు దాటడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ముందు బండి ఆపండి, పొడవాటి కర్రతో మనిషి నడిచి దాటాలి. నడిచి దాటలేని నీళ్లలోకి బండి దింపకూడదు. 30 సెంటీమీటర్ల పారే నీళ్లు చిన్న కారును కొట్టుకుపోగలవు, 60 సెంటీమీటర్లు చాలా బళ్లను తీసుకుపోతాయి. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు తయారీదారు చెప్పిన హద్దే 50 సెంటీమీటర్లు. అడుగున ఏముందో కాళ్లకే తెలుస్తుంది: గులకరాళ్లు మేలు, పెద్ద బండలు ప్రమాదం, మెత్తటి ఒండ్రు అయితే వెనక్కి తిరగండి. మంచు కొండల నుంచి వచ్చే వాగులు పగటి ఎండకు కరిగి సాయంత్రానికి పొంగుతాయి, తెల్లవారుజామున తగ్గి ఉంటాయి. రాత్రికి ఒడ్డునే ఆగి పొద్దున్నే దాటడం తెలివైన పని.

దిగే ముందు కాసేపు ఆగి ఇరుసులు చల్లారనివ్వండి. వేడిగా ఉన్న క్రౌన్ హౌసింగు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల నుంచి నీళ్లు లాక్కుంటుంది. దీనికోసమే హౌసింగు పైన బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) ఉంటుంది. దానికి ఒక పొడుగు గొట్టం తగిలించి బానెట్ లోపల ఎత్తున కట్టడం ఏ పాత బండికైనా చేయదగ్గ చవకైన, విలువైన మార్పు. బెల్టుతో తిరిగే ఫ్యాను నీళ్లలో వంగి రేడియేటర్‌ను కోయవచ్చు, లోతు ఎక్కువైతే బెల్టు వదులు చేయండి. పెట్రోలు బండికి డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గు వైర్లు తడవకుండా చూడాలి. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) మొదటి లేదా రెండో గేరు వేసి, ఎక్కడా క్లచ్ తొక్కకుండా, ముందు చిన్న అల లేచేంత నిదానపు వేగంతో ఒకే పట్టున దాటండి.

నీళ్ల మధ్య ఇంజిన్ ఆగి, ఎయిర్ గొట్టంలోకి నీళ్లు పోయాయన్న అనుమానముంటే మళ్లీ స్టార్ట్ చేయకండి. నీళ్లు అణగవు. పిస్టన్ పైకి వచ్చి ఆ నీటిని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని బయటికి లాగి, పెట్రోలు ఇంజిన్‌కైతే ప్లగ్గులు, డీజిల్‌కైతే హీటర్ ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, నీళ్లు చిమ్మేదాకా తిప్పాలి. ఒడ్డెక్కాక కాసేపు బ్రేకు మెల్లగా అదిమి నడిపి లైనర్లు ఆరనివ్వండి.

ఎక్కుడులో ఇంజిన్ ఆగిపోతే పక్కకు తిప్పాలన్న ఆలోచన మానుకోండి. అడ్డం తిరిగిన బండి దొర్లుతుంది. బ్రేకు మీద నిలిపి, ఫోర్ లోలో రివర్సు గేరు వేసి, వచ్చిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగండి. దిగుడులో మొదటి లో గేరు వేసి ఇంజిన్‌కే పని అప్పగించండి, క్లచ్ తొక్కితే ఆ పట్టు మొత్తం పోతుంది. ఎత్తయిన కొండల్లో టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 మీటర్లకు సుమారు పదో వంతు బలం కోల్పోతుంది. కింద రెండో గేరులో ఎక్కిన వాలు పైన మొదటి గేరు అడుగుతుంది, అది బండి లోపం కాదు.

ఇసుకలో వేగం తగ్గకుండా, చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరగకుండా నడపండి, ఆపాల్సి వస్తే దిగువ వైపు ముఖం పెట్టి ఆపండి. బురద ముందు నడిచి చూడండి, మడమ దిగబడే నేలకు దూరంగా ఉండండి.

చిక్కుకుంటే

చక్రాలు గిరగిరా తిప్పడం వెంటనే ఆపండి. ప్రతి తిప్పుకూ ఇరుసు ఇంకాస్త దిగుతుంది. మొదటి సాధనం పార. ఇరుసు కింద, చక్రాల ముందు తవ్వి, గాలి ఇంకొంచెం దించి, పలకలు వేసి ప్రయత్నించండి. సగానికి పైగా చిక్కులు ఇంతటితోనే వదులుతాయని నా నమ్మకం.

ఇంకో బండితో లాగించుకోవాల్సి వస్తే ఒక్క మాట. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి హుక్కుకు తాడు వేయకండి. అది జోరు గుంజుడుకు విరిగి, తూటాలా ఎగిరి మనుషులను చంపిన ప్రమాదాలు నిజంగా జరిగాయి. చాసిస్‌కు బిగించిన, బరువు ముద్ర ఉన్న హుక్కులే వాడాలి. సాగే పట్టీతోనే గుంజాలి, గొలుసుతో, ఇనుప తాడుతో జోరు గుంజుడు ఎన్నడూ వద్దు. పట్టీ మధ్యలో బరువైన దుప్పటి వేయండి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరినీ నిలబెట్టాకే లాగమనండి.

దారిలో అత్యవసర మరమ్మతులు

వెనక ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ విరిగితే షాఫ్టు మొత్తం విప్పి బండిలో వేసుకుని, ఫోర్ బై ఫోర్‌లో పెట్టి ముందు చక్రాల మీద మెల్లగా బయటపడవచ్చు. కొన్ని పాత బళ్లలో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది, షాఫ్టు తీస్తే అది వెనక చక్రాలను పట్టదు. ఆపినప్పుడు రాయి అడ్డు వేయండి.

రేడియేటర్ కారితే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఎపాక్సీ పూసి, క్యాప్ మొదటి గాడి వరకే బిగించి నడపండి. ఒత్తిడి లేకపోతే కారడం తగ్గుతుంది, నీళ్లు తరచు పోసుకోవాలి. క్లచ్ పనిచేయకపోతే ఫోర్ లో మొదటి గేరులోనే ఉంచి స్టార్టర్ తిప్పండి, బండి కదులుతూనే స్టార్టవుతుంది. ప్రధాన కమాన్ పట్టీ విరిగితే ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య చెక్క దిమ్మ పెట్టి గొలుసుతో కట్టి, నడక వేగంతో రండి. కార్బ్యురేటర్ బండి ఎండలో, ఎత్తులో పెట్రోలు ఆవిరై ఆగిపోతే పంపు మీద తడి గుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు.

ఇవన్నీ బయటపడటానికే. తారెక్కాక మళ్లీ వీటి మీద నమ్మకం పెట్టుకుని ప్రయాణం కొనసాగించకండి.

తిరిగొచ్చాక

తారు మొదలయ్యే చోటే గాలి నింపండి, హబ్బుల లాక్ తీయండి, వీల్ నట్లు బిగించండి. ఇంటికి చేరాక రెండు రోజుల్లోపు కింద కడగండి. చాసిస్ పెట్టెల లోపల చేరిన తడి మట్టే తుప్పుకు మొదలు, గొట్టం లోపలికి పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. కొత్త ప్రాంతాల కలుపు విత్తనాలు కూడా ఆ బురదతోనే ప్రయాణిస్తాయి, వీలైతే ఆ ప్రాంతం దాటకముందే కడిగేయడం మేలు.

నీళ్లు దాటి ఉంటే క్రౌన్ల బోల్టు విప్పి రెండు చుక్కలు చూడండి, తెల్లబడితే ఆయిల్ మార్చండి. డ్రమ్ములు విప్పి లైనర్ల మధ్య ఇసుక దులపండి. ఇంధన ఫిల్టర్ అడుగు నీళ్లు వదలండి. గ్రీజు నిప్పుళ్లన్నిటికీ గన్ను పెట్టండి, లోపల చేరిన నీళ్లు పాత గ్రీజుతో పాటు బయటికి వస్తాయి.

చివరగా యూ బోల్టులు, స్టీరింగ్ బాక్సు, షాకబ్జర్లు, బాడీ బోల్టులు వరుసగా బిగించండి. బిగించిన ప్రతి నట్టు మీదుగా చాసిస్ దాకా తెల్ల పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. తర్వాతి ప్రయాణంలో సాయంత్రం టార్చి పట్టుకుని కిందికి వంగితే, గీత విరిగిన చోట నట్టు కదిలిందని ఒక్క చూపులో తెలిసిపోతుంది.